పదకొండు నిమిషాల దారి

లేమారా చేసే పని పైకి చూస్తే ఏమంత పెద్దది కాదు. మా దీవికి దక్షిణం కొసన, వైరాప్‌లో, కొబ్బరితోట కొట్టేసి చదును చేసిన గడ్డినేల ఒకటుంది. సోమవారం, గురువారం దాని మీద విమానం వాలుతుంది. అది వాలేలోపు ఆవులను తోలాలి, పిల్లలను తరమాలి, ఎవరు చెప్పినా వినకుండా ఆ నేలకు అడ్డంబడి నడిచే ముసలివాళ్ళను బతిమాలి పక్కకు తేవాలి. ఆ తర్వాత ప్రయాణికులను ఒక్కొక్కరినే బుట్టలతో, కోళ్ళతో సహా కాటా ఎక్కించి తూకం చూడాలి. బరువు పైకి చదవొద్దని ఆడవాళ్ళు ఆమె చెవిలో గొణిగేవారు. ఆమె గట్టిగానే చదివేది. మొహమాటపడితే విమానం గాల్లోకి లేవదని ఆమె వాదన.

ఉత్తరం కొసన లొకోపేలో ఇదే పని ఆమె తమ్ముడు కల్తాంగ చేసేవాడు. ఆసుపత్రి అటే ఉంది, పెద్ద బడీ అటే ఉంది. రెండింటి మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా కొండలే. విమానంలో పదకొండు నిమిషాలు. కొండల నెత్తిన ఉన్న పాత దారిన నడిస్తే రెండు రోజులు, అదీ మోకాళ్ళు గట్టివైతే. పడవ సంగతంటారా, అది సముద్రం ఇష్టం.

ఆ పదకొండు నిమిషాలంటే లేమారాకు ప్రాణం. ఎందుకంటే ఆమె మొగుడు ఆ దారి మీదే పోయాడు. కడుపులో ఏదో చితికి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, వెదురు మంచం మీద వేసి ఊరి మగాళ్ళు ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఆమె పక్కనే నడిచింది. సగం దారిలో, దాహం అన్నాడు, దించారు, మళ్ళీ ఎత్తే అవసరం లేకపోయింది. ఆ ఏడాదే ఆమె ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని కొబ్బరిమొద్దులు పెకలించడం మొదలుపెట్టింది. విమానం దిగే నేల తయారయ్యేసరికి ఆమె కూతురు మాడ్లిన్‌కు బుద్ధి తెలిసింది. కొండదారిలో లేమారా మళ్ళీ అడుగు పెట్టలేదు. ఆ మాటెత్తితేనే మొహం తిప్పుకునేది.

అంచేత ఆమె మేనమామ మారివో చనిపోయినప్పుడు, ఆమె చేసిన పనిని నేను తప్పుపట్టలేను. ఊళ్ళో చాలామంది పట్టారు, వాళ్ళ నోళ్ళు పడ.

మారివో పుట్టింది లొకోపే. చివరి రోజుల్లో వైరాప్‌లో మేనకోడలి దగ్గర ఉన్నాడు. ఒట్టి ఎముకల గూడు, కానీ నోరు మాత్రం పెద్దది. మాలో పోయినవాణ్ణి పుట్టినచోటే పూడ్చాలి. మోసుకెళ్ళాల్సింది కొండదారినే. ఆ దారిలో ఆరు రాళ్ళున్నాయి. ప్రతి రాయి దగ్గరా శవాన్ని దించాలి, నిప్పు చెయ్యాలి, ఒక కొబ్బరిచిప్పెడు కావా వేళ్ళ రసం పొయ్యాలి, 'ఇదిగో, ఇక్కడ నువ్వు ఫలానా పని చేశావు' అని అతని బతుకులోని ముక్క ఒకటి అతనికి వినిపించాలి. తర్వాత మళ్ళీ ఎత్తుకోవాలి. ఆరు రాళ్ళూ దాటేసరికి పోయినవాడికి తన బతుకు చెల్లిపోయిందని తెలుస్తుంది.

అయితే మొయ్యడానికి భుజాలేవి? మా కుర్రాళ్ళంతా న్యూజిలాండ్‌లో ఆపిల్ పళ్ళు కోస్తున్నారు. పైగా ఎడతెగని వాన. లేమారా ఒక్క పూట ఆలోచించి, శవపేటికను కాటా మీద పెట్టించి, బరువు చదివి, విమానమెక్కించింది.

"మామకి ఎప్పుడూ విమానం ఎక్కాలని సరదా" అంది తమ్ముడితో రేడియోలో. "పదకొండు నిమిషాల్లో నీ దగ్గరుంటాడు."

"రాళ్ళ సంగతి ఏంటక్కా?"

"పైనుంచి చూసుకుంటాడ్లే."

ఈ మాట ఆమె నవ్వుతూ అంది. తర్వాత చాలాసార్లు తలుచుకుని నాలుక కొరుక్కుంది.

ఆ తర్వాతి గురువారం విమానం ఇరవై నిమిషాలకు గానీ లొకోపే చేరలేదు. గాలి ఎదురు తిరిగి ఉంటుందనుకున్నారు. సోమవారం నలభై అయింది. నడిపేవాడు హార్డిసన్ అని, లేమారా మొగుడి వైపు చుట్టం. తిరుగు ప్రయాణంలో వైరాప్‌లో దిగగానే ఆమె అతని చెయ్యి పట్టుకుని చేతి గడియారం చూసింది. అది ఆమె గడియారం కన్నా అరగంట వెనక ఉంది.

"ఎక్కడ తిరిగొచ్చావయ్యా? లొకోపేలో ఎవర్నైనా చూసుకున్నావా?"

"నీ మీద ఒట్టు వదినా, తిన్నగా వెళ్ళా, తిన్నగా వచ్చా. పదకొండే. నూనె కూడా పదకొండు నిమిషాలకే ఖర్చయింది, కావాలంటే చూడు." అతను గొంతు తగ్గించాడు. "ఇక్కణ్ణుంచి ఎక్కేటప్పుడు మాత్రం బండి బరువుగా ఉంటోంది. నువ్వు తూకం సరిగ్గానే చూస్తున్నావా?"

"గ్రాము తేడా లేదు."

"ఒక మనిషి ఎక్కువున్నట్టుంది. లావుపాటి మనిషి కాదు. ముసలాడెవరో ఉన్నట్టు."

పట్నంలో ఉన్న విమానాల ఆఫీసువాళ్ళకు చెబితే, అక్కాతమ్ముళ్ళిద్దరూ గడియారాలకు కీ ఇచ్చుకోండని రేడియోలో చీవాట్లు పెట్టారు. ఎక్కినవాళ్ళనడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. కునుకు పట్టినట్టయింది అనేవాళ్ళు. ఒకావిడ మాత్రం, విమానంలో కట్టెల పొగ వాసన వచ్చిందని చెప్పి, చెప్పినందుకు తనే భయపడింది.

అసలు సంగతి కొండమీద తోటల్లో చేమదుంపలు తవ్వుకునేవాళ్ళు చెప్పారు. విమానం చప్పుడు పైనుంచి వస్తూ వస్తూ, మొదటి రాయి నెత్తిన టక్కున ఆగిపోతుందట. మబ్బులో ఏమీ కనబడదు. పిట్ట కూడా కూయదు. కాసేపటికి మళ్ళీ అక్కణ్ణుంచే చప్పుడు మొదలై ముందుకెళుతుంది. రెండో రాయి దగ్గర మళ్ళీ ఆగుతుంది. ఇలా ఆరుచోట్ల. ఆగే సేపు ప్రతిసారీ పెరుగుతోంది.

లేమారాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మామ విమానం దిగలేదు. పెట్టె దిగింది, గొయ్యి తవ్వారు, మన్ను వేశారు, కానీ మామ ఇంకా విమానంలో బల్ల మీదే కూర్చుని, ప్రతి రాయి దగ్గరా ఎవరైనా దించుతారేమోనని చూస్తున్నాడు. ఎవరూ మాట్లాడకపోతే ఇంకాస్త ఎదురు చూస్తున్నాడు.

అయినా ఆమె కొండదారి పట్టలేదు. గడియారాలకు కీ ఇచ్చింది, విమానంలో పువ్వులు పెట్టింది, పాస్టరు చేత ప్రార్థన చేయించింది. ఒక సోమవారం విమానం మూడు గంటల తర్వాత గానీ చేరలేదు. లోపలివాళ్ళకు పదకొండు నిమిషాలే. బయటివాళ్ళు అప్పటికి ఏడుపు మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే నర్సు వచ్చి మాడ్లిన్ పొట్ట తడిమి చూసింది. నెలలు నిండిన పొట్ట. బిడ్డ అడ్డం తిరిగి ఉంది.

"ఇక్కడైతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అంది నర్సు. "గురువారం విమానానికి పంపించెయ్. కొయ్యాల్సిందే."

పడవల సంగతి అడగక్కర్లేదు. అలలు రేవును మింగుతున్నాయి. మాడ్లిన్ తల్లి మొహంలోకి చూసి నవ్వే ప్రయత్నం చేసింది.

"ఏంటమ్మా అలా ఉన్నావ్? ఎక్కినవాళ్ళకి పదకొండు నిమిషాలే కదా. నాకేం తెలీదు."

"నీకు తెలీదే. నాకు తెలుస్తుంది. మూడు గంటలైంది ఇవాళ. గురువారం ఆరు గంటలో, ఆరేళ్ళో. నువ్వు దిగేసరికి నీకోసం ఎవరుంటారే అక్కడ? కోసే డాక్టరుంటాడా? అసలు దిగనే దిగకపోతే?"

ఆ రాత్రి ఆమె తమ్ముణ్ణి రేడియోలో పిలిచింది. నడిచి మామను తీసుకొస్తానంది.

"ఆడది ఒక్కర్తే మొయ్యడం ఎప్పుడూ లేదక్కా."

"మగాళ్ళు రేపొద్దునకల్లా న్యూజిలాండ్ నుంచి ఎగిరొస్తారేంట్రా?"

"సరే విను. ఆయన చాప తీసుకో. పడుకున్న చాపే, ఉతికింది కాదు. రాయి దగ్గర దించు, నిప్పెయ్, కథ చెప్పు. కానీ ఎక్కడా కూర్చోనివ్వకు. చచ్చిపోయినవాళ్ళకి కూర్చోవడం ఇష్టం. 'పద మామా, పొద్దుపోతోంది' అని తరుముతానే ఉండు. నువ్వూ కూర్చోకు. విన్నావా? నువ్వు అసలే కూర్చోకు."

మంగళవారం పొద్దున్నే మారివో మొగలాకుల చాప చుట్టి, తాడుతో వీపుకు కట్టుకుని, చేమదుంప తురిమి కాల్చి, అరిటాకులో పొట్లం కట్టిన లాప్‌లాప్ ముక్కలు, కావా వేళ్ళు, అగ్గిపెట్టె బుట్టలో వేసుకుని లేమారా బయల్దేరింది. మాడ్లిన్ గడప దాకా వచ్చి, తల్లి చెంప తన చెంపకు ఆనించుకుంది. గురువారం లొకోపేలో కలుద్దామనుకున్నారు.

మొదటి రాయి దాకా చాప చాపలాగే ఉంది. దించి, నిప్పు వేసి, కావా నమిలి చిప్పలో పిసికి పోసింది. "మామా, ఇక్కడ నువ్వు ఎవరిదో పంది దొంగిలించి దొరికిపోయావు. తలకిందులుగా చెట్టుకు కట్టారు. ఆ పంది మాంసం మా అమ్మకి కూడా పంపావు. పద, పొద్దుపోతోంది." మళ్ళీ వీపుకెత్తుకునేసరికి చాప నిండా మనిషి బరువు. ముసలివాడి బరువే, ఎముకల బరువు. మెడ దగ్గర చల్లగా ఊపిరి తగిలినట్టయింది. ఆమె వెనక్కి చూడలేదు. ఎదురుగా చూస్తూ తిట్టింది. "మోయించుకోవడం అలవాటే నీకు. బతికున్నప్పుడు కల్లో కూడా నడవలేదు."

తిట్టడం ఆమెకు ధైర్యం. రెండో రాయి దగ్గర అతని మొదటి పెళ్ళాం కథ చెప్పింది. ఆ పెళ్ళాం పారిపోయిన కథ కూడా చెప్పింది. మూడో రాయి దగ్గర చెప్పడానికి ఏమీ తోచక, 'ఇక్కడ నువ్వు ఒట్టినే ఉమ్మేసి వెళ్ళుంటావు' అంటే, చాప లోంచి పొడిదగ్గు లాంటిది వచ్చింది. అది మారివో నవ్వు. ఆమెకు ఒళ్ళంతా ముళ్ళు లేచాయి, కానీ నవ్వు కూడా వచ్చింది. ప్రతిసారీ బరువు కాస్త తగ్గుతోంది. "పద మామా, పద" అని తరుముతూనే ఉంది.

నాలుగో రాయి దగ్గరకు గురువారం పొద్దెక్కాక చేరింది. అక్కడే ఆమె మొగుణ్ణి దించారు.

ఆ చోటును ఆమె మరిచిపోయాననుకుంది. ఏదీ మారలేదు. రాతి పక్కన ఫెర్న్ మొక్కలు, కింద ఊట, ఆ ఊట దగ్గరకే ఆమె ఆకు దొన్నెతో నీళ్ళకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మగాళ్ళు తలలు దించుకుని నిలబడి ఉన్నారు. చాప దించి నిప్పు వేసింది. మామకు కథ చెప్పకుండా ఊట వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే దక్షిణం నుంచి విమానం చప్పుడు వినబడింది. చప్పుడు మొదటి రాయి దాటింది. ఆగలేదు. రెండు, మూడు దాటింది. ఆమె నెత్తి మీదికి వచ్చింది, మబ్బులు అదిరాయి, దాటిపోయింది. ఎక్కడా ఆగకుండా ఉత్తరానికి సన్నగా వెళ్ళిపోయింది. నా బిడ్డ దాటిపోయింది, మామ ఇక్కడే నా దగ్గర ఉన్నాడు గనక దాటిపోయింది, అనుకుని లేమారా భోరుమని ఏడ్చింది. ఎన్నేళ్ళ ఏడుపో తెలియదు, ఆ పూట అంతా వచ్చింది.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. రాయికి వీపు ఆనించి కూర్చుంది. 'మాడ్లిన్ చేరిపోయింది కదా, ఇంకేం తొందర' అనుకుంది.

"కాసేపు కూర్చుందాం మామా" అంది.

చాప ఏమీ అనలేదు. ఎవరో పక్కన సర్దుకుని కూర్చున్న చప్పుడు మాత్రం అయింది. ఇంకో పక్కన, ఊట వైపు, ఇంకెవరో కూర్చున్నారు. ఆ మనిషి నుంచి పాత చెమట, పొగాకు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన ఆమెకు తెలుసు. తల తిప్పి చూస్తే ఉండడేమోనని చూడలేదు. "దాహంగా ఉందా?" అనడిగింది. "ఇప్పుడు లేదు" అన్నట్టు వినిపించింది. మొగుడికి మాడ్లిన్ సంగతంతా చెప్పడం మొదలుపెట్టింది. నడక నేర్చుకున్నదీ, బళ్ళో దెబ్బలు తిన్నదీ, పెళ్ళిలో ఎవరెవరు అలిగారో అన్నీ. చెప్పే కొద్దీ గుర్తుకొస్తున్నాయి.

మధ్యలో నెత్తిన ఒక విమానం పోయింది. కాసేపటికి ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. దోమల్లాగా ఒకటే మోత. 'ఇవాళ వీళ్ళకేం పుట్టింది, ఇన్ని విమానాలు తిప్పుతున్నారు' అని విసుక్కుంది లేమారా, మాట మధ్యలో అడ్డుతగిలినందుకు. ఎవరో దూరం నుంచి తన పేరు పెట్టి కేకలేస్తున్నట్టు కూడా అనిపించింది. తమ్ముడి గొంతులా ఉంది. వస్తాలేరా అనుకుంది.

చెప్పడం అయిపోయాక ఊట పక్కనున్న వాసన కూడా లేదు. లేచి నిలబడింది. ఫెర్నులు నడుము దాకా ఉన్నాయి. కావా చిప్ప మీద పచ్చగా పాచి పట్టింది. వానాకాలం కదా, అనుకుని చిప్ప అక్కడే పారేసింది. లాప్‌లాప్ ముక్క మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. తింటూ నడిచింది. అయిదో రాయి దగ్గర, ఆరో రాయి దగ్గర మామను క్షణం కూడా కూర్చోనివ్వలేదు. ఆరో రాయి దాటాక వీపు మీద ఒట్టి చాపే ఉంది.

లొకోపేలో గడ్డినేల పక్కన కొత్త రేకుల షెడ్డు కనిపించింది. తమ్ముడు చెప్పనే లేదే అనుకుంది. నేల మీద కోళ్ళను తరుముతూ ఒక చిన్న పిల్ల పరుగెడుతోంది, మూడేళ్ళుంటాయేమో.

షెడ్డులోంచి మాడ్లిన్ గొంతు వినిపించింది. "లేమారా! ఇటు రా, విమానం వస్తోంది!"

"వచ్చేశానే" అంది లేమారా సంతోషంగా.

"వస్తున్నా" అంది ఆ పిల్ల.

మాడ్లిన్ బయటికొచ్చింది. ఒళ్ళు చేసింది. కళ్ళ కింద గీతలు పడ్డాయి. కొండదారి మొదట్లో చాపతో నిలబడ్డ మనిషిని చూసి, పరుగున పిల్లను లాక్కుని వెనక్కి దాచుకుంది. ఆమె వెనకే కల్తాంగ వచ్చాడు, జుట్టు సగం నెరిసింది. గడ్డి మీదే కూర్చుండిపోయాడు.

"ఎప్పుడు బయల్దేరావక్కా?"

"మంగళవారం. ఏంట్రా ఆ చూపు? ఎన్ని గంటలు పట్టింది మాడ్లిన్ ఎక్కిన విమానానికి, ముందది చెప్పు."

"పదకొండు నిమిషాలు" అన్నాడు కల్తాంగ. "ఆ రోజు పదకొండే. ఆ రోజే కోసి బిడ్డను తీశారు. అప్పట్నుంచి ఎప్పుడూ పదకొండే." అతను కొండదారి వైపు చెయ్యి చూపాడు. "నీకోసం ప్రతి రాయి దగ్గరా వెతికాం. నాలుగో రాయి దగ్గర నిప్పు ఉంది. వారం తర్వాత వెళ్ళినా ఉంది. నెల తర్వాత వెళ్ళినా బూడిద వెచ్చగానే ఉంది. ఇంకెన్నాళ్ళు వెళ్ళమంటావ్? పోయావనుకుని వందో రోజు పందిని కోసి, నీ పేరు మీద ఊరందరికీ పెట్టేశామక్కా. కూర్చోవద్దని చెప్పానా లేదా?"

లేమారా చూపు పిల్ల మీదే ఉంది. మాలో పోయినవాళ్ళ పేరు ఇంటి బిడ్డకు పెడితే, ఇక అది బిడ్డదే. ఆ పేరుతో ఇంకెవరినీ పిలవరు. మాడ్లిన్‌కు తల్లి దగ్గరకు రావాలనే ఉంది, ఒక అడుగు వేసి ఆగిపోయింది.

ఆకాశంలో విమానం చప్పుడు దగ్గరైంది. పిల్ల తల్లి చేతికింద నుంచి దూరి బయటికొచ్చి, కొత్త మనిషిని కిందనుంచి మీదికి చూసింది. చాపను వేలితో పొడిచింది.

"నీ పేరేంటి?"

లేమారా చాప కింద పెట్టి, పిల్ల ఎత్తుకు వంగింది.

"నీకిచ్చేశానమ్మా" అంది.

పిల్లకు ఆ జవాబు నచ్చలేదు. ఒక్క క్షణం చూసి, కోళ్ళను తోలడానికి వెళ్ళిపోయింది.